నోట్లో నాలుక

నోట్లో నాలుక లేని పిల్లనని
బడిలో నాకు పేరు.
అందుకేనేమో ఆ ఫిబ్రవరిలో
నాలుకలు కోసే పనికి పంపారు.

నవ్వకండి.
మా నార్వే దీవుల్లో అది పిల్లల పనే.
కాడ్ చేపల కాలం వస్తే
మొండేలు ఎండబెట్టే కొయ్యల మీదికి,
తలలు తొట్టెల్లోకి,
తలల్లోని నాలుకలు మా వాటాకి.
కిలోకింతని లెక్క.
మా క్లాసు మగపిల్లలు ఆ డబ్బుతోనే మోపెడ్లు కొన్నారు.

నాకు మోపెడ్ అక్కర్లేదు,
నిద్ర కావాలి.
నవంబరులో సూర్యుడు వెళ్ళిపోయినప్పుడే అదీ వెళ్ళింది.
జనవరిలో ఆయనొచ్చాడు, అది రాలేదు.
నన్ను తీసేసిన గ్రూపులో
వాళ్ళేం మాట్లాడుకుంటున్నారో
తెల్లారేదాకా ఊహించడం
జీతం లేని ఉద్యోగం.

బడి నర్సు ఇర్మెలిన్ అంతా రాసుకుని
పెన్ను మూత పెట్టి
"నా దగ్గరికి ఎలాగూ వస్తావు.
మంగళవారాలు మాత్రం చేపల షెడ్డుకెళ్ళు,
అక్కడొకావిడ ఉంటుంది" అంది.

టోర్బ్యోర్గ్. ఎనభై ఏడు.
వృద్ధాశ్రమం వ్యాను దింపిపోతుంది.
తిరగేసిన పెట్టె మీద కూర్చుంటుంది,
రెండు దుప్పట్లు చుట్టుకుని.
చేతులు వణుకుతాయి, కప్పులో కాఫీకి ఎప్పుడూ తుఫానే.
చాకు పట్టలేదు.
నోరు మాత్రం
షెడ్డులో ఉన్న అన్ని చాకుల కన్నా పదును.

"మాగ్న్‌హిల్డ్! తలని మేకుకి గుచ్చు.
భయపడతావేం, అది ఇందాకే చచ్చింది."

నా పేరు మాగ్న్‌హిల్డ్ కాదు.
చెప్పలేదు.
మూడు మంగళవారాలు మాగ్న్‌హిల్డ్‌గానే ఉన్నాను.
నిజం చెప్పాలంటే హాయిగానే ఉంది.
మాగ్న్‌హిల్డ్‌ని ఏ గ్రూపూ తీసేయలేదు.
రాత్రిళ్ళు నిద్రపోయేదేమో కూడా.

నాలుగో మంగళవారం
గ్లవ్‌లోకి మంచునీళ్ళు దిగి
బొటనవేలు తిమ్మిరెక్కి
అరవై రెండో తలో, మూడోదో, లెక్క తప్పింది.
"మాగ్న్‌హిల్డ్, నిద్రపోతున్నావా?"

"సీవ్!" అన్నాను.
"నా పేరు సీవ్!
నేను నిద్రపోను! నవంబరు నుంచీ నిద్రపోలేదు!"

ఎవరో రేడియో తగ్గించారు.
షెడ్డంతా నా గొంతే.
నాకే కొత్త.

ముక్కు తుడుచుకుని
"తెలుసు" అంది.
నా పేరు తెలుసనా,
నిద్ర సంగతి తెలుసనా,
ఇప్పటికీ అడగలేదు.
ధైర్యంగా ఉండమనలేదు.
మా కాలంలో అని మొదలెట్టలేదు.
కొంచెం పక్కకి జరిగింది.
పెట్టె మీద జానెడు చోటు.

"రాత్రి రెండింటికి ఏం చేస్తావు?"
"ఫోను."
"నేను కిటికీ.
రేవులో మూడు దీపాలు, మధ్యది పాడైంది, కన్ను కొడుతుంది.
మీ ఇంట్లోంచీ కనపడాలే, చూడు."

చూశాను.
కన్ను కొడుతోంది.
దానవతల, ఆశ్రమం పైఅంతస్తులో
ఒక్క కిటికీ వెలుగుతోంది.
ఆవిడకి అంత దూరం ఆనదని తెలిసీ
చెయ్యి ఊపాను.
ఆ అలికిడికి అమ్మ లేచి వచ్చింది.
ఎవరికని అడిగితే చెప్పాను.
ఒకటి చెబితే
వెనకాల తొట్టెడు వచ్చాయి.

నిద్ర ఒక్కసారిగా రాలేదు.
పిల్లి లాంటిది, పిలిస్తే రాదు.
ఏప్రిల్‌కి గుమ్మం దాకా వచ్చింది.

చేపల కాలం అయిపోయింది. నేను మానలేదు.
మంగళవారాలు ఆశ్రమానికే వెళ్తున్నాను,
పిండిలో దొర్లించి వేయించిన నాలుకలు పట్టుకుని.
మాగ్న్‌హిల్డ్ ఎవరో అక్కడెవరికీ తెలియదు.
ఒకాయన కళ్ళద్దాలు వెతికి పెడతాను,
ఇంకొకావిడకి మనవడి మెసేజ్ చదివి పెడతాను.
ఇక్కడ వీళ్ళకి తలలో నాలుక అయిపోయిందీ పిల్ల
అంది వంటామె మొన్న.

టోర్బ్యోర్గ్ నములుతూ వింది.
"తలలో ఉంటే ఏం లాభం, కోసి వేయించాలి గానీ.
ఉప్పెక్కువైంది, సీవ్."

తర్వాతి ముక్కకి
మళ్ళీ మాగ్న్‌హిల్డ్‌నయ్యాను.